ఒకే నీటిలో పగవాళ్ళు

1992 చివరి నెలల్లో మద్రాసులోనూ, వేలూరులోనూ ఆసుపత్రులకు వచ్చిన కొందరు విరేచనాల రోగులు ప్రయోగశాలల వాళ్ళను చిక్కులో పడేశారు. లక్షణాలన్నీ కలరావే. గంజినీళ్ళలాంటి విరేచనాలు, గంటల వ్యవధిలో ఒంట్లో నీరంతా ఇంకిపోయి కళ్ళు పీక్కుపోవడం, ఏమీ తేడా లేదు. క్షారగుణమున్న పెప్టోన్ నీటిలో మలాన్ని నానబెట్టి, టీసీబీఎస్ పళ్ళెం మీద గీస్తే కలరా జీవి మామూలుగానే పసుపుపచ్చ చుక్కలై మొలిచింది. ఆఖరి పరీక్ష దగ్గరే తిరకాసు వచ్చింది. గాజుపలక మీద ఓ1 సీరం చుక్క వేసి అందులో ఆ జీవిని కలిపితే, అసలైన కలరా జీవి కళ్ళెదుటే పలుకులు పలుకులుగా ముద్దకట్టాలి. ఇది కట్టలేదు. చుక్క మబ్బుగానే ఉండిపోయింది.

ఆ పరీక్షకు ఎందుకంత విలువ? విబ్రియో కలరే అనే సూక్ష్మజీవి ఒంటిమీద చక్కెర గొలుసుల పైపూత ఒకటి ఉంటుంది. ఆ గొలుసుల అల్లికలోని తేడాలను బట్టి శాస్త్రజ్ఞులు దీన్ని తెగలుగా విడదీశారు. ఇవాళ లెక్కకు వచ్చిన తెగలు 200 పైమాటే. చరిత్రలో మనిషి చూసిన కలరా మహమ్మారుల నేరమంతా ఓ1 అనే ఒక్క తెగ మీదే ఉండేది. మిగిలినవన్నీ చెరువుల్లో, ఉప్పుటేరుల్లో బతుకుతూ, అక్కడో ఇక్కడో ఒకరికి కడుపు చెడగొట్టి ఊరుకుంటాయని, ఊళ్ళకు ఊళ్ళను ముంచలేవని పాఠ్యపుస్తకాలు రాశాయి. 1992 దాకా ఆ మాట నిలబడింది.

వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఈ సంగతిని సరైన సమయంలో పట్టుకోగలిగింది. చిత్తూరు, మదనపల్లె, అనంతపురం వైపు తెలుగువాళ్ళు తరతరాలుగా ‘వేలూరు ఆసుపత్రి’ అని పిలుచుకునే సంస్థ అది. ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అంతయింది. అక్కడి సూక్ష్మజీవశాస్త్ర విభాగం కలరా నమూనాలను ఏటికేడాది పెంచి లెక్క రాసి పెట్టుకునేది. ఆ అలవాటు ఉండబట్టే మేరీ జేసుదాసన్, టి. జేకబ్ జాన్ 1993లో ‘లాన్సెట్’ పత్రికకు ఒక చిన్న లేఖ రాయగలిగారు. అప్పటిదాకా రాజ్యమేలుతున్న ఓ1 ఎల్ టార్ రకం వెనక్కి తగ్గిందని, ఓ1 కాని తెగ ఒకటి దాని చోటు ఆక్రమించిందని అందులోని సారాంశం. అదే జీవి 1992 ముగిసేలోగా బంగ్లాదేశ్ చేరింది, కలకత్తానూ ముట్టడించింది. అప్పటికి తెలిసిన 138 తెగల సీరాల్లో దేనికీ అది ముద్దకట్టకపోవడంతో జపాన్ శాస్త్రజ్ఞుడు షిమాడా బృందం దానికి ఓ139 అని సంఖ్య ఇచ్చింది. బంగాళాఖాతం తీరాన పుట్టింది కనక ‘బెంగాల్’ అన్న పేరూ తగిలించారు.

అప్పుడు అందరిలోనూ కలిగిన అనుమానం ఒక్కటే. ఎనిమిదో కలరా మహమ్మారి మొదలైందా? ఏడోదాన్ని ఎల్ టార్ 1961లో ఇండోనేషియాలో ప్రారంభించింది. అంతకుముందున్న ‘క్లాసికల్’ రకాన్ని మెల్లగా పక్కకు నెట్టేసింది. ఇప్పుడు ఓ139 ఎల్ టార్‌ను అలాగే తుడిచేస్తుందని చాలామంది నమ్మారు.

ఆ నమ్మకం వెనక ఒక సిద్ధాంతం ఉంది. రష్యన్ శాస్త్రజ్ఞుడు గాజ్ 1934లో పారమీసియాలను గాజునాళికల్లో పెంచి చూశాడు. ఒకే తిండి మీద, ఒకే చోట, ఒకే తీరులో బతికే రెండు జాతుల్లో చివరికి ఒకటే మిగులుతుందని ఆ ప్రయోగాలు చెప్పాయి. 1961లో హచిన్సన్ అనే జీవావరణ శాస్త్రజ్ఞుడు దానికి ఎదురుప్రశ్న వేశాడు. మరి చెరువులో చెంబుడు నీళ్ళు ముంచితే అన్ని రకాల సూక్ష్మజీవులు ఎలా కనబడుతున్నాయి? ఎండా, నీరూ, పోషకాలూ అందరికీ ఒకటేగా?

కొన్ని చోట్ల జవాబు తేలికే. వేలూరు దగ్గరి గుడియాత్తంలో ఏ ఇంట్లోనైనా రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీపిండిలో బాక్టీరియాలు వంతులు వేసుకుంటాయి. స్టెయిన్‌క్రాస్, ముఖర్జీ తదితరులు 1965లో చూపించినట్టు, ముందు ల్యూకోనోస్టాక్ విజృంభించి గాలి పుట్టించి పిండిని పొంగిస్తుంది. పులుపు ముదిరేకొద్దీ దాన్ని తట్టుకోగలిగిన వేరేవి పైకొస్తాయి. ఒకరి చెత్త ఇంకొకరికి అనువైన వాతావరణం. కాలాన్ని పంచుకోవడం అది. కానీ కలరా తెగల సంగతి అలా కుదరదు. తిండి ఒకటే, చోటు ఒకటే, కాలమూ ఒకటే. పైగా వాటి చేతిలో ఆయుధాలున్నాయి.

అవి బతికే చోటును ముందు చూడాలి. వేలూరుకు పడమరగా 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో గుడియాత్తం ఉంది. చేనేత లుంగీలకు, అగ్గిపెట్టెలకు పేరుపడ్డ ఊరు. వీధుల్లో తమిళంతో పాటు తెలుగూ వినిపిస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా ఈ సీమంతా ఒకటే ఉత్తర ఆర్కాడు. చిత్తూరు జిల్లా కొండల్లో పుట్టి పలమనేరు వైపు నుంచి దిగివచ్చే కౌండిన్య నది గుడియాత్తాన్ని ఒరుసుకుని పాలారులో కలుస్తుంది. పాలారు నంది కొండల దగ్గర పుట్టి, కుప్పం మీదుగా తమిళనాడులోకి వస్తుంది. రెండు నదులూ ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకపర్రలే. నీళ్ళు కావాలంటే చెలమ తీయాలి, లేదా బోరు వేయాలి. వేలూరులో కుళాయి నీళ్ళు రోజుల తరబడి ఎడమిచ్చి రావడం, వచ్చినప్పుడు బిందెలూ తొట్లూ నింపుకోవడం ఆ ఊరివాళ్ళకు పాత అనుభవం. వానాకాలంలో గుంటలు, చెరువులు నిండి నాచు పడుతుంది. నాచును తినే కంటికి ఆనీ ఆనని నీటిపురుగులు, కోపిపాడ్లు, లక్షల్లో పుడతాయి.

కలరా జీవికి అసలు ఇల్లు అది. మన పేగు దానికి మజిలీ మాత్రమే. కోపిపాడ్ల పైపెంకు కైటిన్‌తో తయారవుతుంది. ఆ పెంకు మీద కలరా జీవి పొరలుగా అతుక్కుని, దాన్నే తింటూ కాలం గడుపుతుంది. రీటా కోల్వెల్ బృందం బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను నాలుగు మడతలు వేసి నీళ్ళు వడగట్టించినప్పుడు కలరా 48 శాతం తగ్గిందని 2003లో ప్రకటించింది. నీటిలో విడిగా ఈదే బాక్టీరియా చీర కంతల్లోంచి సులువుగా జారిపోతుంది. పురుగు మీద కాపురమున్నది మాత్రం చీరకు చిక్కుతుంది. చీర పట్టుకున్నది ఆ కాపురాన్నే. మేరీ జేసుదాసన్ బృందం వేలూరు పరిసరాల నీటిలో ఈ జీవి ఎలా మనుగడ సాగిస్తుందో పరిశీలించి 2000లో మరో వ్యాసం వెలువరించింది. ఆసుపత్రి మంచం దగ్గర ఆగిపోకుండా చెరువుగట్టు దాకా వెళ్ళడం నాకు ఆ బృందంలో బాగా నచ్చిన సంగతి. కలరా జీవి కథలో సగభాగం నీటిలోనే నడుస్తుంది.

ఇక ఆయుధాలు. 2006లో జాన్ మెకలానోస్ ప్రయోగశాల కలరా జీవిలో ఒక ఈటెయంత్రాన్ని కనిపెట్టింది. శాస్త్ర పరిభాషలో దాన్ని ఆరో రకం స్రావ వ్యవస్థ అంటారు. కణం లోపల ముడుచుకునే గొట్టమొకటి, దానిలో సన్నటి ఈటె, ఈటె మొనకు విషం. గొట్టం ముడుచుకునేది సెకనులో కొన్ని వేలవంతుల్లోనే. పక్కనున్న కణంలోకి ఈటె దిగుతుంది, ఆ కణం పగిలిపోతుంది. ప్రతి తెగ దగ్గరా తన విషానికి విరుగుడు ఉంటుంది. అందుకే అయినవాళ్ళకు ఏమీ కాదు, పరాయివాళ్ళు చస్తారు.

ఇంత కర్కశమైన ఆయుధం చేతిలో ఉంటే బలమైన తెగ మిగిలినవాటిని ఊడ్చిపెట్టేయాలి కదా. 2017లో అమెరికాలోని జార్జియా టెక్ శాస్త్రజ్ఞులు ఒకరినొకరు చంపుకోగల రెండు కలరా తెగలను గట్టి ఆహారపు పలక మీద కలిపి పెంచారు. మొదట రెండూ కలగాపులగంగా ఉన్నాయి. కొంతసేపటికి నూనె, నీరు విడిపోయినట్టు విడిపోయి, ఎవరి పేట వారిదైంది. ఎందుకంటే ఈటె పొడవు చాలా కొద్ది. తాకేంత దగ్గరున్నవాణ్ణే పొడవగలదు. పేట మధ్యలో ఉన్నవాడి చుట్టూ అందరూ తనవాళ్ళే. పోరు సరిహద్దు మీదే జరుగుతుంది. సరిహద్దులో చచ్చినవాళ్ళ శవాలు అడ్డుపడి పోరు ఇంకా నెమ్మదిస్తుంది. చంపుకోవడమే వాళ్ళను వేరు చేసింది, వేరు కావడమే ఇద్దరినీ బతికించింది.

బెంజమిన్ కెర్ తదితరులు 2002లో ‘నేచర్’లో ప్రచురించిన ప్రయోగం దీనికి తోడు నిలుస్తుంది. వాళ్ళు ఎంచుకున్నది మన పేగులో ఉండే ఈ.కోలై. అందులో మూడు రకాలు తీసుకున్నారు. ఒకటి కొలిసిన్ అనే విషం చిమ్మేది, రెండోది ఆ విషానికి చచ్చేది, మూడోది విషం తయారుచేయకుండానే దాన్ని తట్టుకునేది. చిమ్మేది చచ్చేదాన్ని ఓడిస్తుంది. విషం తయారుచేసే ఖర్చు లేనందున తట్టుకునేది చిమ్మేదానికంటే వేగంగా పెరుగుతుంది. తట్టుకునే శక్తికీ కొంత ఖర్చుంది కాబట్టి, ఆ భారం కూడా లేని చచ్చేది తట్టుకునేదాన్ని దాటిపోతుంది. పలక మీద, ఎక్కడివి అక్కడే పెరిగేలా ఉంచితే మూడూ బతికాయి. అదే మూడింటినీ సీసాలో పోసి బాగా కలిపితే ఒకటే మిగిలింది. గాజ్ నాళికకూ చెరువుకూ ఉన్న తేడా ఇదే. నాచు పట్టిన గుంటలో ప్రతి పురుగు పెంకూ ఒక విడి పేట. దాన్ని ఎవరూ గిలకొట్టి కలపరు.

ఈటె కథలో ఇంకో మలుపుంది, నా దృష్టిలో అన్నిటికంటే ఆశ్చర్యమైనది. స్టాన్‌ఫర్డ్‌లో స్కూల్నిక్ ప్రయోగశాల 2005లో ఒక విషయం బయటపెట్టింది. కైటిన్ మీద కూర్చున్న కలరా జీవి చుట్టూ పడివున్న డీఎన్ఏను లోపలికి లాక్కుని తన జన్యువుల్లో కలుపుకోగలదు. 2007లో మెలనీ బ్లోకెష్, స్కూల్నిక్ కలిసి ఓ1 ఎల్ టార్ జీవికి కైటిన్ మీద ఓ139 డీఎన్ఏ అందించారు. అది పాత పైపూత జన్యువులు వదిలేసి ఓ139 పూత తొడుక్కుంది. 2015లో బ్లోకెష్ బృందం మిగిలిన ముడి కూడా విప్పింది. కైటిన్ తగిలినప్పుడు ఈటెయంత్రమూ, డీఎన్ఏ లాక్కునే యంత్రమూ ఒకే మీటతో మొదలవుతాయి. పక్కవాణ్ణి పొడిచి, వాడి కడుపులోంచి ఒలికిన జన్యువులను ఎత్తుకుంటుందన్నమాట. 1992కు ముందు బంగాళాఖాతం ఒడ్డున ఏదో నీటిలో ఇలాంటిదే జరిగి ఉండాలి. ఓ139 జన్యువులను చదివితే అది కొత్త జీవి కాదని, ఎల్ టార్ సంతతేనని తేలింది. పైపూత జన్యువులు మాత్రం పరాయివి. అవి ఓ22 అనే నీటితెగ పూతను దగ్గరగా పోలి ఉన్నాయి. ఎవరికీ పట్టని చెరువు తెగ పూతను మహమ్మారి జీవి తొడుక్కుంది. పొరుగున అన్ని తెగలు బతికి ఉండకపోతే ఓ139 పుట్టేదే కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఓ1, ఓ139 పరస్పరం ఈటెలతో పొడుచుకుని హద్దులు గీసుకున్నాయా? లేదు. 2014లో వచ్చిన ఒక అధ్యయనం మహమ్మారి తెగల ఈటె విషాలను పోల్చి చూసింది. చెరువు తెగల్లో విషాలు రకరకాలు. మహమ్మారి తెగలన్నిటి దగ్గరా ఒకే విషాలు, ఒకే విరుగుళ్ళు. ఓ1, ఓ139 ఒకే రక్తం కాబట్టి వాటి మధ్య ఈటె పనిచేయదు. వాటి పోటీని నడిపించినవి రెండు. ఒకటి మనిషి ఒళ్ళు, రెండోది వైరస్.

మనిషి సంగతి ముందు. దశాబ్దాలుగా ఓ1 తిరిగిన చోట పెద్దవాళ్ళ రక్తంలో ఓ1 పైపూతను గుర్తుపట్టే యాంటీబాడీలు పేరుకుని ఉంటాయి. కలరా అక్కడ ఎక్కువగా పిల్లల జబ్బు. 1992–93లో ఓ139 పెద్దవాళ్ళను సైతం మంచాన పడేసింది. పాత యాంటీబాడీలకు కొత్త పూత ఆనవాలు దొరకలేదు. కానీ ఆ సౌకర్యం ఎంతో కాలం ఉండదు. ఓ139 ఎంతమందిని పట్టుకుంటే అంతమంది దానికి రక్షణ సంపాదించుకుంటారు. ఓ1 తెరమరుగైన కాలంలో కొత్తగా పుట్టిన పిల్లలకు ఓ1 రక్షణ ఉండదు. అలా గెలుస్తున్నది గెలిచినకొద్దీ తన నేలను తానే ఇరుకు చేసుకుంటుంది, ఓడినదానికి నేల ఖాళీ అవుతుంది.

రెండోది ఫేజ్, అంటే బాక్టీరియాలను తినే వైరస్. గంగ, యమున నీటిలో కలరా జీవులను చంపేదేదో ఉందని ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ 1896లోనే రాశాడు. అది ఫేజ్ పని కావచ్చని తర్వాతివాళ్ళు అనుకున్నారు. కలరా రోగుల మలంలో తరచూ కనబడే ఐసీపీ1 అనే ఫేజ్ ఓ1 పైపూతను పట్టుకుని కణంలోకి దూరుతుంది. ఓ139 పూత మార్చుకుంది కాబట్టి దానికి దొరకదు. అయితే ఓ139 మీద పడే ఫేజ్‌లు వేరే ఉన్నాయి. ఢాకాలో షా ఫారూక్ బృందం నదులూ చెరువుల నీటిని దాదాపు మూడేళ్ళు పరీక్షించి 2005లో చెప్పినదేమిటంటే, నీటిలో ఒక తెగను తినే ఫేజ్‌లు పెరిగిన కాలంలో ఆ తెగ తెచ్చే జబ్బు తగ్గుతుంది. ఎర ఎక్కువున్న చోటే వేట ఎక్కువ. అరుదుగా ఉన్నవాడి జోలికి వేటగాడు రాడు.

జరిగింది కూడా అదే. 1994లో ఎల్ టార్ తిరిగి వచ్చింది. ఊరికే రాలేదు. ఓ139తో పాటు మొదటగా కనిపించిన ఎస్ఎక్స్‌టీ అనే జన్యుమూలకం, కోట్రైమోక్సజోల్, స్ట్రెప్టోమైసిన్ మందులను తట్టుకునే శక్తినిచ్చేది, అలాంటిదాన్నే వెంటబెట్టుకుని వచ్చింది. ఆ మూలకాన్ని మొదట వర్ణించింది 1992లో మద్రాసులో దొరికిన ఎంఓ10 అనే ఓ139 నమూనాలోనే. 1996లో కలకత్తాలో మళ్ళీ ఓ139, 2002లో ఢాకాలో ఇంకోసారి. మధ్య కాలాల్లో రెండూ పక్కపక్కనే ఆసుపత్రి పుస్తకాలకెక్కాయి. ఆ తర్వాత ఓ139 సన్నగిల్లింది. 2022లో వెలువడిన జన్యు అధ్యయనం అది మూడు అలలుగా వచ్చిందని, ఒక్కో అలలో మందులను తట్టుకునే జన్యువులను పోగొట్టుకుంటూ పోయిందని చూపింది. ఎనిమిదో మహమ్మారి రాలేదు. ఓ139 చేతకానిదై కాదు. ఏ తెగ గెలుపుకైనా హద్దు గీసేవి ఆ నీటిలోనూ, మన ఒంట్లోనూ సిద్ధంగా ఉన్నందువల్ల.

ఈ కథ హైదరాబాదుకు కూడా వచ్చింది. శాంతా బయోటెక్నిక్స్ 2009లో మన దేశంలో విడుదల చేసిన నోటి కలరా టీకా శాంకాల్‌లో ఓ1తో పాటు చంపిన ఓ139 కణాలు కూడా వేశారు. అప్పటికి అది సహజమైన నిర్ణయం. ఇప్పుడు ఓ139 దాదాపు కనబడటం లేదు. అందుకే టీకా తయారీ తేలికపరచడానికి దాన్ని తీసేస్తున్నారు. హైదరాబాదులోనే భారత్ బయోటెక్ 2024లో తెచ్చిన హిల్‌కాల్‌లో ఓ1 ఒక్కటే ఉంది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకారం పొందిన కొరియా టీకా యూవికాల్-ఎస్ కూడా అంతే. ప్రపంచమంతా టీకా కొరతతో అల్లాడుతున్నప్పుడు, ఎక్కువ మందికి ఎక్కువ డోసులు అందించే ఈ మార్పు సరైనదేనని నేను అనుకుంటాను. దానితో పాటు జిల్లా ప్రయోగశాలల ఫ్రిజ్‌లలో ఓ1 సీరం పక్కన ఓ139 సీరం సీసా కూడా ఉంచాలని, రెండిటికీ ముద్దకట్టని కలరా జీవి దొరికితే పారేయకుండా పెద్ద ప్రయోగశాలకు పంపాలని అంతే గట్టిగా అనుకుంటాను. ఓ1 ఒక్కదానికే కోట్లమందిలో రక్షణ పెంచుతున్న కొద్దీ, పూత వేరే ఉన్న తెగకు అనుకూలమైన నేలను మనమే సిద్ధం చేస్తున్నాం. ఆ పూతలు రెండువందలకు పైగా నీటిలో ఉన్నాయి, వాటిని తొడుక్కునే విద్య కలరా జీవికి తెలుసు.